పిల్లలకి ఆఫ్ లేబుల్‌గా రాసే మానసిక మందులు: దేనికి సరే అనాలి, దేనికి ఆగి అడగాలి

పిల్లాడి చీటీలో ఆర్కామిన్ అని ఉంటుంది. ఇంట్లో తాతగారు బీపీకి వేసుకునేది కూడా అదే మాత్ర కావడంతో అమ్మానాన్నలకి గుండె జారిపోతుంది. కౌంటర్ దగ్గరే ఫోన్ తీసి వెతుకుతారు, అక్కడా బీపీ మందనే వస్తుంది, ఇక డాక్టర్ పొరపాటు రాశారా, మేం పొరపాటు ఇచ్చామా అని టెన్షన్. నేను ఫార్మసిస్టుని, డాక్టర్‌ని కాను, మందు మార్చమనో మానేయమనో చెప్పే హక్కు నాకు లేదు. కానీ ఇలాంటి చీటీలు రోజూ చూస్తాను. వాటిలో భయపడక్కర్లేనివి ఏవి, డాక్టర్ దగ్గరికి తిరిగి వెళ్లి గట్టిగా అడగాల్సినవి ఏవి అన్న తేడా తెలుగులో విడమరిచి చెప్పినవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా అసలు సంగతి. ఒక మందుకి ప్రభుత్వ సంస్థ అనుమతి ఇచ్చేటప్పుడు ఏ జబ్బుకి, ఏ వయసువాళ్లకి, ఎంత డోసు అని ఇస్తుంది. ఆ అనుమతి హద్దులనే లేబుల్ అంటారు, అవి దాటి రాస్తే ఆఫ్ లేబుల్ అంటారు. అంటే అది నకిలీ మందనో, డాక్టర్ ప్రయోగం చేస్తున్నాడనో అర్థం కాదు. పిల్లల మందుల్లో ఇది ఎక్కువగా కనిపించడానికి కారణం ఉంది: చాలా ఏళ్లపాటు కంపెనీలు పెద్దవాళ్ల మీదే పరీక్షలు చేసి అనుమతి తెచ్చుకున్నాయి, పిల్లల మీద చేయడం ఖర్చు, చిక్కు, పైగా అమ్మకాలు తక్కువ. అమెరికాలో 1997 తర్వాత పిల్లల మీద పరీక్ష చేసిన కంపెనీకి ఆరు నెలల అదనపు గుత్తహక్కు ఇవ్వడం మొదలుపెట్టాక, 2003లో కొన్ని కొత్త మందులకి ఆ పరీక్షలు తప్పనిసరి చేశాక పరిస్థితి కొంత మారింది. పాత మందుల్లో చాలావాటికి మళ్లీ ఖర్చు పెట్టి లేబుల్ మార్పించుకునే నాథుడు లేడు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే, లేబుల్‌లో లేనంత మాత్రాన ఆ వాడకం తప్పయిపోదు, వెనకున్న ఆధారం ఏమిటన్నదే చూడాలి అని చెప్పింది.

కింద నేను చెప్పే వయసులు అమెరికాలో మందులకి అనుమతి ఇచ్చే ఎఫ్‌డీఏ లేబుల్‌లో ఉన్నవి, పిల్లల విషయంలో వివరంగా దొరికేవి అవే కాబట్టి. మన దేశంలో అనుమతి ఇచ్చేది సీడీఎస్‌సీఓ, రెండు లేబుళ్లూ ప్రతి మందుకీ ఒకేలా ఉండవు, ఇది మనసులో పెట్టుకుని చదవండి.

లేబుల్ ఒక ప్రశ్న, ఆధారం ఇంకో ప్రశ్న

ఈ రెండింటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం. ఒక ఉదాహరణ చెబుతాను. అతి చురుకుదనం, ఏకాగ్రత లేకపోవడం, అంటే ఏడీహెచ్‌డీకి వాడే డెక్స్‌ట్రో యాంఫెటమిన్ అనే పాత మందుకి అమెరికాలో మూడేళ్ల వయసు నుంచే లేబుల్ ఉంది. అది నియమాలు ఇంత గట్టిగా లేని రోజుల్లో వచ్చిన అనుమతి, అంత చిన్నపిల్లల్లో పరీక్షలు దాదాపు లేవు. మిథైల్‌ఫెనిడేట్‌కేమో ఆరేళ్లు నిండితేనే లేబుల్, కానీ దాన్ని మూడు నుంచి ఐదేళ్ల పిల్లల మీద జాగ్రత్తగా పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. అందుకే నాలుగైదేళ్ల పిల్లలకి మందు తప్పదు అనుకున్నప్పుడు అక్కడి మార్గదర్శకాలు లేబుల్ ఉన్న మందుని వదిలి లేబుల్ లేని మిథైల్‌ఫెనిడేట్‌నే సూచిస్తాయి, అదీ తల్లిదండ్రుల శిక్షణ ముందు ప్రయత్నించాకే.

కాబట్టి చీటీ చేతికి వచ్చినప్పుడు నేనైతే మూడు గుంపులుగా విడదీసి చూస్తాను. లేబుల్ లేకపోయినా పిల్లల మీద మంచి పరీక్షలు జరిగి పనిచేస్తుందని తేలినవి ఒక గుంపు. పెద్ద పిల్లలకి అనుమతి ఉండి చిన్నవాళ్లకి రాసినవి, లేదా ఒక జబ్బుకి అనుమతి ఉండి దగ్గరి జబ్బుకి రాసినవి రెండో గుంపు, వీటికి కారణం అడిగితే డాక్టర్ చెప్పగలగాలి. లేబులూ లేక, పరీక్షలూ లేక, ఒక్కోసారి పరీక్షలు చేస్తే పనిచేయదని తేలి కూడా అలవాటుగా రాసేవి మూడో గుంపు. ఇక్కడే మీరు ఆగాలి.

భయాలు, ఆందోళన, డిప్రెషన్

స్కూలంటే కడుపునొప్పి, పరీక్షలంటే చెమటలు, అమ్మ కనపడకపోతే ఏడుపు, లేదా ఇంటర్ చదివే పిల్ల నెలల తరబడి గదిలోంచి బయటికి రాకపోవడం. ఇలాంటివాటికి ఎక్కువగా రాసేవి ఫ్లూఆక్సెటిన్ (ఫ్లుడాక్ లాంటివి), సెర్ట్రాలిన్, ఎస్‌సిటలోప్రామ్ (నెక్సిటో లాంటివి).

డిప్రెషన్ అయితే ఫ్లూఆక్సెటిన్‌కి ఎనిమిదేళ్ల నుంచి, ఎస్‌సిటలోప్రామ్‌కి 12 ఏళ్ల నుంచి లేబుల్ ఉంది. సెర్ట్రాలిన్‌కి పిల్లల్లో ఓసీడీకి (అనవసర ఆలోచనలు, చేసిన పనే మళ్లీ మళ్లీ చేసే జబ్బు) మాత్రమే, ఆరేళ్ల నుంచి ఉంది. అంటే మీ పదేళ్ల పాపకి ఆందోళన అని సెర్ట్రాలిన్ రాస్తే అది ఆఫ్ లేబుల్. కానీ భయపడకండి, ఇది మొదటి గుంపు. 2008లో 7 నుంచి 17 ఏళ్ల లోపు 488 మంది పిల్లల మీద జరిగిన పెద్ద పరీక్షలో సెర్ట్రాలిన్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో దాదాపు 55 శాతం మంది, సీబీటీ అనే మాటల థెరపీ ఒక్కటే ఇచ్చినవాళ్లలో 60 శాతం మంది బాగుపడ్డారు. రెండూ కలిపి ఇచ్చినవాళ్లలో 81 శాతం, పోలిక కోసం మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 24 శాతం. లేబుల్ ఉన్న చాలా మందులకి ఇంత బలమైన ఆధారం ఉండదు.

ఈ అంకెల్లోనే ఎంపిక ఎలా చేయాలో కూడా ఉంది. ఆందోళనకి మందూ థెరపీ విడివిడిగా చూస్తే దాదాపు సమానం, కాబట్టి పిల్లాడు స్కూలుకి వెళ్లగలుగుతున్నాడు, తింటున్నాడు, మంచి సైకాలజిస్ట్ దొరికారు అంటే థెరపీతో మొదలుపెట్టి చూడమని అడగడం న్యాయమే. స్కూలే మానేశాడు, లేదా థెరపీకి కూర్చునే స్థితిలోనే లేడు అంటే మందు వాయిదా వేయకండి, రెండూ కలిపే అడగండి. డిప్రెషన్ లెక్క కొంచెం వేరు. 2004లో 12 నుంచి 17 ఏళ్ల 439 మంది మీద చేసిన పరీక్షలో 12 వారాలకి ఫ్లూఆక్సెటిన్‌తో 61 శాతం, థెరపీ ఒక్కదానితో 43 శాతం, రెండింటితో 71 శాతం, ఉత్తుత్తి మాత్రతో 35 శాతం మెరుగయ్యారు. అంటే మధ్యస్థం దాటిన డిప్రెషన్‌లో కౌన్సెలింగ్ ఒక్కటే చాలులే అని నెలలు గడపడం సరికాదు. డిప్రెషన్‌కి మొదటి మందుగా ఫ్లూఆక్సెటిన్ కాకుండా వేరేది రాస్తే, ఎందుకని అడగండి. సరైన జవాబులు ఉంటాయి: ఇంట్లో ఇంకొకరికి ఆ మందు బాగా పనిచేసిందనో, పిల్ల వాడుతున్న వేరే మందుతో ఫ్లూఆక్సెటిన్ పడదనో. జవాబే లేకపోతే మాత్రం ఆలోచించాలి.

పారాక్సెటిన్ అనే ఇంకో డిప్రెషన్ మందు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2001లో ఒక పరిశోధన 275 మంది టీనేజర్ల మీద చేశామని, బాగా పనిచేసిందని రాసింది. అసలు సమాచారం బయటికి తీసి వేరే పరిశోధకులు మళ్లీ లెక్కకడితే పనిచేయలేదనీ, ఆత్మహత్య ఆలోచనల లాంటి హాని పెరిగిందనీ 2015లో తేలింది. ఈలోపు ఎంతమంది పిల్లలు ఆ మాత్ర మింగి ఉంటారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. బ్రిటన్ 2003లోనే 18 ఏళ్ల లోపు డిప్రెషన్‌కి దాన్ని వాడొద్దంది. తయారు చేసిన గ్లాక్సో స్మిత్‌క్లైన్ 2012లో అమెరికా ప్రభుత్వానికి 300 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్న కేసులో, మిగతా ఆరోపణలతో పాటు, అనుమతి లేకుండా పిల్లలకి ఈ మందుని ప్రచారం చేయడం కూడా ఉంది. పిల్లల డిప్రెషన్‌కి పారాక్సెటిన్ ఉన్న చీటీ వస్తే నేను మందు కట్టే ముందు డాక్టర్‌కి ఫోన్ చేస్తాను, మీరూ అడగండి. పెద్దవాళ్లకి బాగా వాడే వెన్లాఫాక్సిన్ విషయంలోనూ పిల్లల డిప్రెషన్‌లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగాయని 2016 నాటి పెద్ద విశ్లేషణ చెప్పింది, అది మొదటి మందుగా రాకూడదు.

ఇక నల్ల గడి హెచ్చరిక, అంటే డిప్రెషన్ మందుల లేబుల్ మీద నల్ల గీతల గడిలో వేసే గట్టి హెచ్చరిక. నెట్‌లో చదివి మందు పారేసేది ఎక్కువగా దీన్ని చూసే. 2004లో ఎఫ్‌డీఏ 24 పరీక్షల్లోని 4,400 మందికి పైగా పిల్లల వివరాలు కలిపి చూస్తే, ఆత్మహత్య ఆలోచనలు లేదా ప్రయత్నాలు మందు వేసుకున్నవాళ్లలో 100కి 4, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 100కి 2 కనిపించాయి. ఆ పరీక్షల్లో ఎవరూ ఆత్మహత్య చేసుకుని చనిపోలేదు. వైద్యం అందని డిప్రెషన్ కూడా ప్రాణాంతకమే. కాబట్టి ఈ హెచ్చరిక చదివాక చేయాల్సింది మొదటి నెలా, డోసు మార్చిన ప్రతిసారీ పిల్లని దగ్గరుండి చూడటం. అకారణంగా కాలు నిలవకపోవడం, నిద్ర పూర్తిగా పోవడం, మితిమీరిన హుషారు, చావు మాటలు కనిపిస్తే అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా బైపోలార్ జబ్బు (ఒకసారి మితిమీరిన హుషారు, ఒకసారి డిప్రెషన్) ఉంటే డాక్టర్ అడగకపోయినా మీరే ముందుగా చెప్పండి. దాచే విషయం కాదు అది, మందు ఎంపికే మారిపోవచ్చు.

ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ లాంటి మత్తునిచ్చే మందులు వేరే కథ. మూర్ఛకో, ఆసుపత్రిలో అత్యవసరానికో వాడటం వేరు. పిల్లల ఆందోళనకి నెలల తరబడి వాడటానికి ఆధారం చాలా పలచన, కొందరు పిల్లల్లో మత్తుకి బదులు చిరాకు, అదుపు తప్పడం పెరుగుతాయి, అలవాటు కూడా పడతాయి. పెద్దవాళ్ల చీటీ మీద కొన్న స్ట్రిప్‌లోంచి పరీక్షల ముందు రోజు పిల్లకి సగం విరిచి ఇవ్వడం నేను చూశాను, దయచేసి ఆ పని చేయకండి.

ఏకాగ్రత, అతి చురుకుదనం

ఇక్కడ ఆధారం అన్నిటికన్నా బలంగా ఉన్నది మిథైల్‌ఫెనిడేట్‌కి, ఆరేళ్లు దాటితే లేబుల్ కూడా ఉంది. మన దగ్గర ఇది మత్తుపదార్థాల చట్టం ఎన్‌డీపీఎస్ కింద నియంత్రణలో ఉన్న మందు, అందుకే అన్ని షాపుల్లో దొరకదు, చీటీ లేకుండా ఎవరూ ఇవ్వకూడదు. చాలామంది తల్లిదండ్రులు "డ్రగ్స్ అటండీ" అని వెనక్కి తగ్గి, లేబుల్ లేని తేలిక మందు ఏదైనా రాయమని డాక్టర్‌నే అడుగుతారు. ఇది తలకిందులు వ్యవహారం. చట్టం నియంత్రణలో ఉందంటే దుర్వినియోగం కాకుండా ఆపడానికి, పిల్లలకి పనికిరాదని కాదు. ఆకలి తగ్గుతుంది, నిద్ర ఆలస్యం కావచ్చు, ఎత్తు పెరగడం కాస్త మందగించవచ్చు, అందుకే ఎత్తూ బరువూ బీపీ నాడీ క్రమం తప్పకుండా చూడాలి. ఉదయం టిఫిన్ బాగా పెట్టాక మాత్ర ఇవ్వడం, రాత్రి ఆకలేసినప్పుడు పెరుగన్నమో గుడ్డో పెట్టడం, ఇంత తేలికైన సర్దుబాటుతోనే చాలా ఇళ్లలో గడిచిపోతుంది.

అటోమాక్సెటిన్‌కి కూడా ఆరేళ్ల నుంచి లేబుల్ ఉంది. నియంత్రణ గొడవ లేదు, కాస్త తక్కువ పనిచేస్తుంది, ఫలితం కనపడటానికి వారాలు పడుతుంది. కాబట్టి పది రోజులకే "ఏం తేడా లేదు" అని మానేయకండి. ఆందోళన, ముఖం కండరాలు అదిరే అలవాటు కలిసి ఉన్న పిల్లలకి డాక్టర్లు దీన్ని ముందుకు తెస్తారు.

ఇక ఆర్కామిన్, అంటే క్లోనిడిన్. నెమ్మదిగా విడుదలయ్యే క్లోనిడిన్ మాత్రకి అమెరికాలో 2010లో 6 నుంచి 17 ఏళ్ల ఏడీహెచ్‌డీకి అనుమతి వచ్చింది. మన దగ్గర పిల్లలకి రాసేది మామూలు బీపీ మాత్ర, కాబట్టి ఆఫ్ లేబుల్, నా లెక్కలో రెండో గుంపు. మిథైల్‌ఫెనిడేట్‌తో నిద్ర పట్టని పిల్లాడికో, ఆటిజంతో పాటు విపరీతమైన అలజడి ఉన్నవాడికో రాస్తే అర్థం ఉంది. ఏకాగ్రతకి మొదటి, ఒకే ఒక్క మందుగా రాస్తే మాత్రం, మిథైల్‌ఫెనిడేట్ ఎందుకు కాదో అడగండి. మందు రెండు విషయాల్లో కఠినమైనది: ఉన్నట్టుండి ఆపితే బీపీ ఎగబాకుతుంది, కాబట్టి ఊరెళ్లినప్పుడు మర్చిపోవడం కుదరదు, పసిపిల్లలు పొరపాటున ఒకటి రెండు మాత్రలు మింగినా ప్రమాదమే, అల్మరాకి తాళం వేయండి.

అమెరికా నుంచి తిరిగొచ్చే తెలుగు కుటుంబాలకి ఒక మాట. అక్కడ పిల్లలు ఏడీహెచ్‌డీకి వాడే అడెరాల్ ఇక్కడ షాపుల్లో దొరకదు, తెచ్చుకున్న సీసా అయిపోయాక వెతుక్కోవడం కాకుండా, బయల్దేరే ముందే అక్కడి డాక్టర్‌తో మాట్లాడి ఇక్కడ దొరికే మందుకి మారడం మంచిది.

ఆటిజం, కోపం, తనను తాను కొట్టుకోవడం

చీటీల్లో నాకు ఎక్కువ బాధ కలిగించేవి ఇవే, ఎందుకంటే ఇక్కడ మందు నుంచి తల్లిదండ్రులు కోరుకునేది ఒకటి, మందు చేయగలిగేది ఇంకొకటి.

రిస్పెరిడోన్‌కి (సిజోడాన్, రిస్‌డోన్ లాంటివి) ఆటిజంలో విపరీతమైన చిరాకు, కొట్టడం, కొరకడం లాంటివాటికి 5 నుంచి 16 ఏళ్ల వరకు 2006లో లేబుల్ వచ్చింది, అరిపిప్రజోల్‌కి 6 నుంచి 17 వరకు 2009లో. ఆధారం గట్టిది. 2002లో 101 మంది పిల్లల మీద చేసిన పరీక్షలో ఎనిమిది వారాలకి రిస్పెరిడోన్ వేసుకున్నవాళ్లలో 69 శాతం మంది నెమ్మదించారు, ఉత్తుత్తి మాత్రతో 12 శాతం. మరో పక్కన, అదే ఎనిమిది వారాల్లో మందు వేసుకున్న పిల్లలు సగటున 2.7 కిలోలు పెరిగారు, మిగతావాళ్లు 0.8 కిలోలు. రెండు అంకెలూ కలిపి చదవాలి.

మాటలు రావడానికి, కళ్లలోకి చూడటానికి, చదువుకి ఈ మందులు లేవు. "మాటలు త్వరగా వస్తాయని రాశారు" అని మూడేళ్ల బాబు చీటీతో వస్తారు. వయసు తక్కువ, కారణం తప్పు, ఇది మూడో గుంపు, స్పీచ్ థెరపీ మీద పెట్టాల్సిన డబ్బూ ఏడాదీ ఇక్కడ కరిగిపోతాయి. పెద్ద కంపెనీలు కూడా ఈ మందుని హద్దు దాటి అమ్మిన చరిత్ర ఉంది: రిస్పెరిడోన్‌ని అనుమతి లేని రోజుల్లో పిల్లలకీ, మతిమరుపు ఉన్న వృద్ధులకీ ప్రచారం చేసిన ఆరోపణల మీద జాన్సన్ అండ్ జాన్సన్ 2013లో 220 కోట్ల డాలర్లకి పైగా కట్టి పరిష్కరించుకుంది.

మాట రాని పిల్లాడు హఠాత్తుగా తల బాదుకోవడం మొదలుపెడితే మందుకి ముందు చూడాల్సినవి ఉన్నాయి. పన్ను నొప్పా, చెవి పోటా, మలబద్ధకమా, మూర్ఛ వస్తోందా, టీచర్ మారిందా, పక్కింట్లో డ్రిల్లింగ్ జరుగుతోందా. నొప్పి అని చెప్పలేని పిల్లాడికి కోపం ఒక్కటే భాష. ఇవన్నీ చూశాక కూడా తనకో పక్కవాళ్లకో దెబ్బ తగిలే స్థాయిలో ఉంటే మందు వాడటం తప్పు కాదు, అపరాధభావం పెట్టుకోకండి. దాంతో పాటు తల్లిదండ్రుల శిక్షణ కూడా అడగండి, 2009లో 124 మంది పిల్లల మీద చేసిన పరీక్షలో మందు ఒక్కటే ఇచ్చినదానికన్నా మందూ శిక్షణా కలిపి ఇస్తే ప్రవర్తన ఎక్కువ మెరుగైంది.

రెండింటిలో ఏది అంటే, బరువు, షుగర్ భయం ఉన్న కుటుంబమైతే అరిపిప్రజోల్ గురించి అడగండి, కాస్త తేలిక, బరువు దీనితోనూ పెరగొచ్చు. కొందరు పిల్లల్లో కాలు నిలవని అశాంతి వస్తుంది. రిస్పెరిడోన్ ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ని పెంచుతుంది, మగపిల్లల్లో రొమ్ములు ఉబ్బడం, ఆడపిల్లల్లో నెలసరి తప్పడం జరగొచ్చు. పిల్లలు సిగ్గుతో చెప్పరు, మీరే కనిపెట్టాలి. ఏది వాడినా మొదలుపెట్టే ముందు బరువు, నడుము కొలత, బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ రాసిపెట్టించి, మూడు నెలలకి మళ్లీ, తర్వాత కనీసం ఏడాదికోసారి చూపించండి. ఈ పరీక్షలు చీటీలో కనపడని పిల్లలే నాకు ఎక్కువగా తగులుతారు, మీరే అడిగి రాయించుకోండి.

అదే పని మళ్లీ మళ్లీ చేయడం, వస్తువులు వరసగా పేర్చడం తగ్గాలని డిప్రెషన్ మందులు రాయడం కూడా ఉంది. 2009లో 149 మంది ఆటిజం పిల్లల మీద సిటలోప్రామ్ పరీక్షిస్తే మందుతో మెరుగైనవాళ్లు 33 శాతం, ఉత్తుత్తి మాత్రతో 34 శాతం, దుష్ప్రభావాలు మాత్రం మందువాళ్లకే ఎక్కువ. పిల్లాడికి ఇబ్బంది లేని అలవాటుని మన కంటికి ఇబ్బంది అని మందుతో ఆపాలనుకోవడం నాకు నచ్చని పని. ఆందోళన నిజంగా ఉండి రాస్తే అది వేరు.

ఆటిజం లేదు, కేవలం మొండితనం, ఎదురు మాట్లాడటం, చదవకపోవడం, దానికి రిస్పెరిడోన్. ఇది ఆఫ్ లేబుల్, వెంటనే సరే అనకండి. వెనక ఏడీహెచ్‌డీ ఉందా, చదవడంలోనే ఇబ్బంది ఉందా, హాస్టల్‌లో ఎవరైనా కొడుతున్నారా, ఇవి తేలకుండా మొదలుపెట్టకూడదు.

టీనేజ్ ఆడపిల్లకి కోపానికో మూడ్ మారడానికో వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు రాస్తే ఒక విషయం తప్పక మాట్లాడాలి. గర్భంతో ఉన్నప్పుడు ఈ మందు వాడితే 100కి 10 మంది బిడ్డల్లో పుట్టుకతో లోపాలు, 30 నుంచి 40 మందిలో ఎదుగుదల సమస్యలు వస్తాయి. "మా అమ్మాయికి ఇప్పుడే పెళ్లేంటి" అనుకుంటారు, కానీ ఈ మందులు ఏళ్ల తరబడి సాగుతాయి, మొదలుపెట్టే రోజే వేరే దారి ఉందా అని అడగాలి.

నిద్ర

మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ మాత్ర ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో నిద్ర త్వరగా పట్టేలా చేస్తుంది, మధ్యలో లేచే పిల్లాడికి అంత లాభం ఉండదు. ఐరోపాలో ఆటిజం పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక మాత్రకి 2018లో అనుమతి కూడా ఇచ్చారు. చిక్కు నాణ్యతతో: 2017లో కెనడాలో 31 ఉత్పత్తులు పరీక్షిస్తే లేబుల్ మీద రాసినదానికి 83 శాతం తక్కువ నుంచి 478 శాతం ఎక్కువ వరకు మందు కనపడింది. రంగురంగుల గమ్మీలు కాకుండా డాక్టర్ రాసిన కంపెనీదే తీసుకోండి, పడుకునే ముందు గంట ఫోన్ తీసేయకుండా ఏ మాత్ర ఇచ్చినా అరకొరే. రిస్పెరిడోన్ రకానికే చెందిన క్వెటియాపిన్ కేవలం నిద్రకే రాస్తే ఒప్పుకోకండి, బరువూ షుగరూ పెంచే మందుని నిద్ర కోసం పిల్లలకి ఇవ్వడంలో అర్థం లేదు. ప్రయాణంలో పడుకుంటాడని మగత తెప్పించే ఎలర్జీ మందు ఫెనర్గాన్ సిరప్ అడుగుతారు, రెండేళ్ల లోపు పిల్లల్లో అది ఊపిరినే ఆపగలదు, నేనైతే ఇవ్వను.

డాక్టర్ గదిలో

అడగడానికి మొహమాటపడకండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం వైద్యం ఏమిటి, దాని దుష్ప్రభావాలేమిటి తెలుసుకోవడం హక్కు, మైనర్ తరఫున ఆ హక్కు మీది. ఈ మందు ఏ ఒక్క లక్షణం తగ్గడానికి రాస్తున్నారు, ఈ వయసు పిల్లల్లో పరీక్షించారా, మందు లేకుండా ముందు ఏం ప్రయత్నించవచ్చు, ఎన్ని వారాలకి చూద్దాం, పనిచేయకపోతే ఎలా ఆపుదాం. ఇవి అడిగితే మంచి డాక్టర్ విసుక్కోరు. ఆ లక్షణాన్ని లెక్కపెట్టండి: వారానికి ఎన్నిసార్లు కొట్టాడు, ఎన్ని రోజులు స్కూలుకి వెళ్లాడు, ఎన్నింటికి నిద్రపోయాడు, మందుకి ముందు రెండు వారాలు కూడా రాసిపెట్టుకుంటే "కాస్త బాగున్నట్టుంది" అన్న మాటకన్నా ఎంతో మేలు. ఒకేసారి రెండు కొత్త మందులు మొదలుపెడితే ఏది పనిచేసిందో, ఏది పడలేదో తెలియదు, ఒకదాని తర్వాత ఒకటి అని అడగండి. ఒకే రకం మందులు రెండు, అంటే రిస్పెరిడోన్‌తో పాటు క్వెటియాపిన్, ఉన్న చీటీకి మరో డాక్టర్ అభిప్రాయం తప్పనిసరి.

పిల్లకి తెలియకుండా మజ్జిగలో కలిపి ఇవ్వకండి. పన్నెండేళ్లు దాటినవాళ్లకి నేరుగా చెప్పండి, తెలిసిన రోజు మందునే కాక మిమ్మల్నీ నమ్మరు.

మందు చౌక, థెరపీ ఖరీదు, ఊళ్లో దొరకదు కూడా, చాలా ఇళ్లలో మందు వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదే. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నాయి. మేధోపరమైన ఎదుగుదల సమస్యలకి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ ఉంది. చిన్నపిల్లలకి జిల్లా కేంద్రాల్లోని డీఈఐసీలు (ఎదుగుదల సమస్యల్ని తొందరగా గుర్తించి చూసే ప్రభుత్వ కేంద్రాలు) చూడండి. చీటీ బాగా చిక్కుగా ఉంటే బెంగళూరు నిమ్‌హాన్స్ పిల్లల విభాగం వరకు వెళ్లడం వృథా కాదు. సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టిన ప్రతివాళ్లూ క్లినికల్ సైకాలజిస్టులు కారు, ఆర్‌సీఐ (కేంద్ర ప్రభుత్వ పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి.

సొంతంగా ఆపొద్దు, ముఖ్యంగా క్లోనిడిన్, డిప్రెషన్ మందులు, రిస్పెరిడోన్, మూర్ఛ మందులు. ఆపాలంటే కొంచెం కొంచెంగా తగ్గించే షెడ్యూల్ చీటీ మీద రాయించుకోండి. మెడ పక్కకి తిరిగి బిగుసుకుపోవడం, కళ్లు పైకి తేలేయడం, జ్వరంతో ఒళ్లంతా బిగుసుకోవడం, స్పృహ తప్పడం, ఒంటి మీద దద్దుర్లతో నోట్లో పుళ్లు, ఇవి కనిపిస్తే వచ్చే ఓపీ తేదీ దాకా ఆగకుండా మందు స్ట్రిప్ పట్టుకుని దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి. పిల్ల చచ్చిపోతాననే మాట అంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో మాత్రలూ పురుగుమందులూ అందకుండా తీసేయండి, అర్ధరాత్రయినా ప్రభుత్వ మానసిక సహాయ లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.